ఉలిక్కిపడ్డానని చెప్పాను

ఏప్రిల్ 14

ఇది స్కోర్లు రాసుకోమని చెన్సు బాబాయి ఇచ్చిన పుస్తకం. మా మాల్టాలో జరిగే చిన్న దేశాల ఆటలకి ఇంకా ఆరు వారాలు. రోజూ గాల్లోకి ఎగరేసే మట్టి ప్లేట్లు ఎన్ని కాల్చి పగలగొట్టానో, ఎన్ని తప్పానో, ఎందుకు తప్పానో రాయాలట.

"మనసులో ఉన్నది కూడా రాయరా. ఎవడూ చదవడు," అన్నాడు.

డెబ్బై రెండేళ్ల మనిషి. నాకు తుపాకీ పట్టడం నేర్పాడు. మా నాన్నతో కలిసి మా ఊరు డింగ్లిలో ఈ కొండ అంచున నలభై ఏళ్లు పిట్టలకి మాటు వేశాడు. ఆయన మాట కాదనలేను.

నూటికి తొంభై ఒకటి. తప్పినవన్నీ ఎడమ వైపువే.

మనసులో ఉన్నది: బెట్టీనా ఇంటికి రావాలి.

ఏప్రిల్ 15

నిన్న రాసింది చదివితే సిగ్గేసింది. నలభై ఆరేళ్ల మగాడు, రాళ్ల క్వారీలో రంపం నడిపేవాడు, డైరీ రాయడమా! అయినా మొదలుపెట్టాక పూర్తిగా రాయాలి.

పోయిన సెప్టెంబరులో నేనొక గద్దని కొట్టాను. అది కాల్చకూడని పిట్ట. ఆ సంగతి మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. అది పడిన చోటు దొరకలేదు. ఆదివారం భోజనాల దగ్గర కుందేలు కూర తింటూ దాని గురించి నేనే గొప్పలు పోయాను. కుడి రెక్క మొదట్లో తగిలిందని చేత్తో చూపించాను కూడా. ఎదురుగా కూచున్న నా కూతురు గిన్నెలో చెంచా వదిలేసింది. దెబ్బతిన్న పిట్టల్ని చూసుకునే చోటికి ఆ పిల్ల శనివారాలు వెళ్తుంది. ముందు రోజు అట్టపెట్టెలో తెచ్చిన గద్దని రాత్రంతా ఒళ్లో పెట్టుకున్నది తనే. కుడి రెక్క మొదట్లోనే దెబ్బ.

సోమవారం రెండు సంచులు సర్దుకుని పక్క ఊరు రబాత్‌లో అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయింది. పదహారేళ్లు దానికి. ఏడు నెలలుగా నాతో మాట లేదు. ఫిబ్రవరిలో వాళ్లమ్మ చేత కబురు పంపింది. ఈ వసంతంలో ఒక్క పిట్టని కూడా కాల్చకపోతే ఆటలు చూడ్డానికి వస్తుందట, ఆ తర్వాత ఇంటికీ వస్తుందట. ప్లేట్లు ఎన్నైనా పగలగొట్టుకోమంది.

మరియమ్మ మీద ఒట్టేశాను. వేట తుపాకీ ఉన్న బీరువా తాళం నా భార్య తెస్సీ చేతిలో పెట్టాను. పోటీ తుపాకీ ఒక్కటే నా దగ్గరుంది.

ఏప్రిల్ 17

వసంత వేట ఇవాళ మొదలైంది. తెల్లారకముందే వీధిలో కార్లన్నీ కొండ వైపు కదిలాయి. పడుకుని వింటుంటే ఏ శబ్దం ఎవరి కారుదో చెప్పగలిగాను. నన్ను ఒక్కణ్నే బడిలోంచి పంపేసినట్టుంది.

తెస్సీ పక్కకి తిరిగి, "నిద్రపో విస్తిన్. కళ్లు మూసుకుంటే పిట్టలు కనపడవు," అంది.

కనపడతాయి. ఆవిడకేం తెలుసు.

ఏప్రిల్ 19

పొద్దున్నే మాటు దగ్గరికి వెళ్లొచ్చాను. ఖాళీ చేతులతోనే. మా నాన్న కట్టిన రాళ్ల గూడు కదా, గోడ ఒక పక్క కూలింది, చూసుకోవద్దూ? సముద్రం మీంచి గువ్వలు నాలుగు వచ్చాయి. ఎంత అలిసిపోయి వస్తాయో పాపం. చూశాను, అంతే. చూడకూడదని ఒట్టులో లేదు.

తొంభై నాలుగు.

ఏప్రిల్ 22

తుపాకీ తీసుకెళ్లాను. ఖాళీది. తూటాలు కార్లోనే ఉంచాను. ప్లేటు ఎప్పుడూ ఒకే తీరుగా పోతుంది, పిట్ట అలా కాదు. పిట్ట వెంట తుపాకీ తిప్పితే మణికట్టు మెత్తబడుతుంది. ఇది సాధన. ఎడమ వైపు ప్లేట్లు ఈరోజు ఒక్కటీ తప్పలేదు, కాబట్టి నేనన్నది నిజమే.

తొంభై ఆరు. చెన్సు బాబాయి కనుబొమలెత్తి చూశాడు.

ఏప్రిల్ 26

ఒక్కటి. అది లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 27

ఎందుకు లెక్కలోకి రాదో రాసుకోవాలి. పక్క మాటులోవాడు కొట్టిన దెబ్బకి అది అప్పటికే తూలుతోంది. వాడు దాన్ని వదిలేశాడు. సముద్రంలో పడి గిలగిలా కొట్టుకుని చచ్చేది. బెట్టీనా అయినా ఆ బాధ పడనివ్వకూడదనే అంటుంది. జేబులో రెండు తూటాలు ఎలా వచ్చాయంటే, మొన్నటి సాధన నుంచి మిగిలిపోయాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టుకోరు.

తూలుతోంది. నేను చూశాను.

మే 3

తెస్సీ నా కోటు ఉతకబోయి జేబులోంచి మెత్తటి ఈక తీసింది. వంటగది బల్ల మీద, ఉప్పుడబ్బా పక్కన పెట్టింది.

"ఇది ప్లేటుకి మొలిచిందా?" అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. దారిలో దొరికిందన్నాను.

"నేను దానికి చెప్పను. కానీ అది నన్ను అడిగితే మాత్రం అబద్ధమాడను. ఈ ఇంట్లో అబద్ధాలాడ్డానికి ఒకరు చాలు," అని బట్టలు తీసుకుని డాబా మీదికి పోయింది.

ఎంత మాటంది! ఇరవై ఏళ్ల కాపురం.

మే 4

వేట గడువు అయిపోయింది. ఇక బాధ లేదు.

మే 10

బెట్టీనా ఫోన్ చేసింది. నాకే చేసింది, వాళ్లమ్మకి కాదు. క్వారీలో రంపం ఆపేసి పక్కకి పరిగెత్తాను. చెవులు గింగురుమంటున్నాయి.

"నాన్నా, ఎలా ఉన్నావ్?"

"బాగున్నానమ్మా. నువ్వు తింటున్నావా?"

"తింటున్నాలే. ముప్పై ఒకటిన కదా ఫైనల్? సెలవు పెట్టాను. నానమ్మ ఇచ్చిన పెద్ద జెండా నీ దగ్గరే ఉందా?"

"ఉంది, ఉంది!"

తర్వాత, "నాన్నా, ఈ వసంతంలో?" అంది.

"ఒక్కటీ లేదు," అన్నాను.

"నిజంగానా?"

"మరియమ్మ తోడు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నా బిడ్డ ఏడ్చింది. సంతోషంతోనే. నేను దుమ్ములో కూలబడిపోయాను. క్వారీలో అందరూ చూశారు, చూడనీ.

మే 11

లెక్కలోకి రానిదాన్ని ఒక్కటీ లేదంటే అది అబద్ధం కాదు.

మే 18

దాని గదికి సున్నం వేశాను. గోడ మీద పిట్టల బొమ్మలు తీయకుండా చుట్టూ వేశాను. నడుం పడిపోయింది.

మే 27

ఆటలు మొదలయ్యాయి. స్టేడియంలో అందరం వరసగా నడిచాం. సాన్ మరీనో వాళ్లు, అండోర్రా వాళ్లు, లక్సెంబర్గ్ వాళ్లు, అందరూ మనలాంటివాళ్లే. వాళ్లలోనూ ఒకడు పోస్ట్‌మాన్, ఇంకొకడు పంతులు. మాకిచ్చిన కోట్లు ఒకే కొలతవి, ఈత పిల్లలకి మోకాళ్ల దాకా వచ్చాయి, నాకేమో బొత్తాలు పట్టలేదు. మా జట్టు పెద్ద మా ఊరి పళ్ల డాక్టరే. నన్ను చూసి, "కడుపు లోపలికి పీల్చు విస్తిన్, దేశం చూస్తోంది," అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను.

మాల్టా పేరు పిలిచినప్పుడు లేచిన అరుపుకి రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఐదు లక్షల మంది దేశం. స్టేడియంలో సగం మందికి నా మారుపేరు తెలుసు.

మే 30

రెండో స్థానంతో ఫైనల్‌కి వెళ్లాను. సైప్రస్ అతను మొదటి స్థానం. పేరు కిరియాకోస్, చేపల పడవ నడుపుతాడట. తుపాకీ ఎత్తే తీరు చూస్తే ముచ్చటేసింది.

బెట్టీనా రేపు వస్తుంది. ఫైనల్ అవగానే అమ్మమ్మ ఇంటికి వెళ్లి సంచులు తెచ్చేసుకుంటుందట. తెస్సీ దానికోసం కుందేలు నానబెట్టింది.

మే 31

బంగారు పతకం.

రేపు రాస్తాను.

జూన్ 1

బ్యాండువాళ్లు వీధి వీధీ తిప్పారు. చర్చి గంటలు కొట్టించారు. పండక్కని దాచిన బాణసంచా పట్టపగలే కాల్చేశారు. జున్ను పెట్టిన పాస్టిట్సీ పఫ్‌లు, సారా, ముద్దులు, కౌగిలింతలు. పళ్ల డాక్టరు ఇకమీద నా దగ్గర ఫీజు తీసుకోనన్నాడు.

కుందేలు కూర అలాగే ఉంది. తెస్సీ పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.

జూన్ 2

నేను నొక్కలేదు. ముందు అది రాయాలి. తుపాకీ మీట మీద వేలు ఉంది, నొక్కలేదు.

జూన్ 3

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరుగురిలో నలుగురు పోయారు. నేనూ, కిరియాకోసూ మిగిలాం. ఇంకా మూడు ప్లేట్లు మిగిలాయి, ఇద్దరం సమానం. వెనక మూడు వందల మంది, సగం డింగ్లి వాళ్లే, అంటే సగం వేటగాళ్లే. మొదటి వరసలో బెట్టీనా, భుజాల మీద జెండా కప్పుకుని. నేను చోటు మారడానికి వెనక్కి తిరిగినప్పుడల్లా బొటనవేలు ఎత్తి చూపించింది. ఎనిమిది నెలల తర్వాత దాని నవ్వు చూశాను.

తుపాకీ భుజానికెత్తాను. ప్లేటు వదలమని కేక వేశాను. గుంటలోంచి ప్లేటు ఎగిరింది. ఎగిరే ఉంటుంది. అదే క్షణంలో కుడి వైపు నుంచి గువ్వ వచ్చింది. నా తుపాకీ దాని వెంట వెళ్లింది. నేను తిప్పలేదు, అదే వెళ్లింది. మెల్లగా, తొణక్కుండా, కొంచెం ముందుకి, బాబాయి నేర్పినట్టే. ప్లేటు గడ్డిలో పడిన చప్పుడు విన్నాక మెలకువ వచ్చినట్టయింది.

తుపాకీ మడిచి చెయ్యెత్తాను. అదెందుకు ఎత్తానో నాకే తెలీదు. చెయ్యెత్తితే ఏదో అడ్డుపడిందని అర్థం. రెఫరీ లక్సెంబర్గ్ మనిషి, తెల్ల మీసాలు, పెద్దమనిషి. దగ్గరికి వచ్చి, "పిట్ట అడ్డొచ్చిందా?" అన్నాడు.

"అవును."

"బెదిరారా?"

అవునంటే ప్లేటు మళ్లీ ఇస్తారు. కాదంటే తప్పినట్టు రాసుకుంటారు, బంగారం సైప్రస్‌కి పోతుంది.

"ఉలిక్కిపడ్డాను," అన్నాను.

వెనక వరసల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఒకడి నుంచి ఒకడికి పాకింది. రెఫరీకి అర్థం కాలేదు, వెనక్కి చూసి నిశ్శబ్దంగా ఉండమన్నాడు. డింగ్లి విస్తిన్ గువ్వని చూసి ఉలిక్కిపడ్డాడట! మావాళ్లకి ఇంతకన్నా పెద్ద జోకు ఏముంది? పసిపిల్లాడిక్కూడా తెలుసు, ఉలిక్కిపడ్డవాడి తుపాకీ ఎగిరిపడుతుంది, పిట్ట వెంట పట్టుగుడ్డలా జారదు.

ప్లేటు మళ్లీ ఇచ్చారు. పగలగొట్టాను. తర్వాత రెండూ పగలగొట్టాను. కిరియాకోస్ చివరిది తప్పాడు.

ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. తర్వాత దగ్గరికి వంగి, "మా ఊళ్లో కూడా గువ్వలున్నాయి అన్నా," అన్నాడు. అంతే. కావాలంటే ఫిర్యాదు చేసి ఉండొచ్చు. చేయలేదు. ఆయన అరిచి ఉన్నా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

నేను వెనక్కి తిరిగేసరికి మొదటి వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. జెండా నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టి ఉంది.

జూన్ 4

నేను నొక్కలేదు. మాటిచ్చాను కాబట్టి వేలు ఆగింది. బెట్టీనా అది చూడలేదా? తుపాకీ వెళ్లడం చూసింది గానీ వేలు ఆగడం చూడలేదు. దానికి చెప్పాలి. ఆగింది నీ వల్లే అని చెప్పాలి.

జూన్ 5

వేటగాళ్ల క్లబ్బుకి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. లోపలికి అడుగుపెట్టగానే అందరూ ఒక్కసారి కుర్చీల్లో ఎగిరిపడ్డారు, ఉలిక్కిపడ్డట్టు. తర్వాత నవ్వులే నవ్వులు. మా ఊళ్లో ఇంటిపేరు కన్నా మారుపేరే గట్టిది. నాకు కొత్తది వచ్చేసింది. రేపు నా మనవలు కూడా ఉలికిపాటోళ్లే అవుతారు.

"ఒరేయ్ విస్తిన్, ఆ గువ్వకి సగం పతకం ఇచ్చావా?"

"పిట్టకి ముందు ఎంత దూరం పట్టాడో చూశారా? సరిగ్గా రెండు బారలు! అలా పట్టేవాడు ఈ ద్వీపంలో లేడు."

వాళ్లకి నేనంటే ప్రాణం. గ్లాసుల మీద గ్లాసులు పోయించారు. నన్ను మెచ్చుకుంది పతకానికి కాదు, ఆ తప్పిన ప్లేటుకి. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

చెన్సు బాబాయి ఒక్కడే నవ్వలేదు. బయటికి పిలిచి గోడ మీద కూచోబెట్టాడు.

"ఈ ఏడు పిట్ట వెంట పడని చెయ్యి అంత నున్నగా పోదురా," అన్నాడు.

"ఖాళీ తుపాకీతో సాధన చేశాను బాబాయ్."

"నాకెందుకు చెప్తున్నావ్? నేనేమన్నా అడిగానా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

"నీకు మా నాన్న నేర్పిందే, నువ్వు నాకు నేర్పిందే అది," అన్నాను కోపంగా.

"అవును," అన్నాడు. "నేర్పాం. పిల్ల దగ్గరికి వెళ్లు. నిజం చెప్పు. ఇంకేం మిగల్లేదు నీ దగ్గర." కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

జూన్ 6

తెస్సీ ఫోన్ చేసింది దానికి. బెట్టీనా ఏమీ అడగలేదట. వాళ్లమ్మ చేత అబద్ధమాడించకూడదనో, నిజం చెప్పించకూడదనో.

చెప్పాల్సింది బట్టీ పడుతున్నాను. "ఆ ఏప్రిల్ గువ్వ సంగతి నిజమే, తప్పు చేశాను. కానీ ఆ రోజు ఆగాను. వేలు ఆగింది. నీకు మాటిచ్చాను కాబట్టే ఆగింది." ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నాలుగుసార్లు బయటికి అనుకున్నాను. గొంతు ఒణక్కుండా వస్తోంది.

జూన్ 8

రబాత్ వెళ్లాను. అత్తగారు తలుపు తీసి, పతకం మెడలో లేదేమని కూడా అడక్కుండా, "డాబా మీదుంది," అంది.

బెట్టీనా బట్టలు ఆరేస్తోంది. గాలికి దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. నన్ను చూసి ఆగలేదు. తడి దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది, పట్టుకోమని. పట్టుకున్నాను. ఇద్దరం చెరో పక్కా పిండాం. చిన్నప్పుడు కూడా ఇలాగే పట్టుకునేది.

ఏప్రిల్ సంగతి చెప్పేశాను. మొత్తం. తూటాలు కావాలనే పెట్టుకున్నానని, ఆ గువ్వ తూలలేదని కూడా.

"తెలుసు," అంది. కోపం లేదు గొంతులో. అలసట ఉంది.

దుప్పటి తీగ మీద వేసింది. నేను బట్టీ పట్టినది మొదలుపెట్టేలోపు తనే అడిగింది.

"ఆ రోజు వచ్చింది ఆడదా, మగదా?"

"ఆడది. ఒంటరిది. ఎడమ రెక్కలో ఒక ఈక లేదు."

"ప్లేటు ఎటు పోయింది?"

ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. "చూడలేదమ్మా," అన్నాను.

తల ఊపింది. దుప్పటికి క్లిప్పు పెడుతూ ఉంది. చేతులు ఆగిపోయాయి. నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా అందులో ఇంకా ఏదో ఉంది, ఏదో ఆశ. అది నాకోసమే అడిగింది. నాకు దారి ఇవ్వడానికే అడిగింది. అది అంత మంచి పిల్ల.

"మరి ఎందుకు కాల్చలేదు నాన్నా?"

నాలుగు రోజులుగా తయారుగా ఉన్న జవాబు. నోరు తెరిచాను.

"దూరం," అన్నాను. "అందేది కాదు. యాభై మీటర్లు దాటేసింది."

నా మాట నా చెవులకి వినపడేసరికి ఆలస్యమైపోయింది. దాని మొహం చూశాను. ఈసారి ఏడవలేదు. "సరే," అంది. బుట్ట తీసుకుని కిందికి దిగి వెళ్లింది. నేను దుప్పట్ల మధ్య నిలబడ్డాను. కింద తలుపు వేసిన చప్పుడు అయింది, గొళ్లెం పెట్టిన చప్పుడు అయింది.

ఈ పుస్తకంలో రోజుకొకటి చొప్పున ఎన్ని అబద్ధాలు రాసుకున్నానో. ఇంకొక్కటి, నా బిడ్డకి కావాల్సిన ఒక్కటి, నోటికి రాలేదు.